అడ్డగోడకు మొదటి దెబ్బ

కట్టేవాళ్ల గురించి అందరూ రాస్తారు. పగలగొట్టేవాళ్ల గురించి రాసినవాళ్లు నాకు కనపడలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. కావలి నుంచి సముద్రం ఒడ్డు దాకా ఉన్న ఊళ్లలో పాత గోడలు, ప్రహరీలు, కూలబోయే వంటిళ్లు పడగొట్టే ముఠా మాది. మొదట్లో ఇటుక ముక్కలు తట్టల్లో ఎత్తి బయట పోసేదాన్ని. తర్వాత ముఠాకు పెద్దనయ్యాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే పడిపోవలసిన గోడలన్నీ పడిపోయాయి, కాబట్టి గుర్తున్నవే రాయగలను.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు మిషన్లతో గోడను కేకు కోసినట్టు కోస్తున్నారు. అయినా వాళ్లకు కూడా పాత అనుమానమే. అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. "అవ్వా, ఇంటాయన ఇంజనీరు అక్కర్లేదంటుండాడు. కొట్టమంటావా?" అని. నేను సమాధానం చెప్పను. రొయ్యల మేత అమ్మే ఒకాయన ఇంటి సంగతి చెబుతాను. అది వినేసరికి వాళ్ల ఫోన్లో ఛార్జింగ్ అయిపోతుంది. ఆ రోజుకు ఆ గోడ బతికినట్టే.

ముందు మా ముఠా కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఏ గోడైనా మొదటి దెబ్బ ఇంటి యజమానే కొట్టాలి. గడ్డపార ఆయన చేతికిస్తాం. ఆయన శ్లాబు కింద నిలబడి, తన చేత్తో, పెచ్చు ఊడేటట్టు ఒక్క దెబ్బ వేయాలి. ఆ తర్వాతే మా సమ్మెటలు లేస్తాయి. చాలామంది దీన్ని శుభకార్యం అనుకునేవాళ్లు. కొందరు కొబ్బరికాయ తెచ్చేవాళ్లు, కొందరు కొత్త చొక్కా వేసుకుని ఫొటో దిగేవాళ్లు. మా ఉద్దేశం వేరు. ఏ గోడ మోస్తోందో ఏది మోయడం లేదో చెప్పే చదువు మాకు లేదు. గోడను తట్టి చప్పుడు వినేవాళ్లం గానీ, ఆ చప్పుడుకు మా ముఠాలో తలా ఒక అర్థం చెప్పేవాళ్లు. కానీ పైకప్పు మీద నమ్మకం లేనివాడు దాని కింద నిలబడి గడ్డపార ఎత్తడు. ఆ సంగతి మాత్రం మాకు బాగా తెలుసు. నోటి ధైర్యం వేరు, చేతి ధైర్యం వేరు.

ఆ ఇంటాయనకు రొయ్యల మేత అమ్మే కొట్టు ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన కూటం జరిగేది. ముందు హాల్లో మగవాళ్లు, లోపలి గదిలో ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. రెంటికీ మధ్య ఒక అడ్డగోడ, దానికి ఒక గుమ్మం. పాస్టరయ్య హాల్లో నిలబడి వాక్యం చెప్పేవారు. లోపలి గదికి ఆయన మాట వినపడేది గానీ మనిషి కనపడేవారు కాదు. చెయ్యి ఎత్తినప్పుడు మాత్రం గుమ్మంలో మోచెయ్యి కనిపించేది. ఆయన కొంతకాలంగా ఆ మోచేతితోనే సగం సంఘాన్ని నడిపిస్తున్నానని బాధపడుతూ ఉండేవారు. కూటానికి జనం పెరిగారు కాబట్టి గోడ తీసేసి ఒకటే హాలు చేద్దామని ఇంటాయన్ను ఒప్పించారు.

లోపలి గది ఆడవాళ్లకు మాత్రం ఆ గోడే ఆదరువు. దాని చాటున పిల్లల తలల్లో పేలు చూసుకునేవాళ్లు, చిక్కుళ్లకు ఈనెలు తీసుకునేవాళ్లు, హాయిగా కునుకు తీసేవాళ్లు ఉండేవారు. స్తోత్రం చెప్పవలసిన చోట మాత్రం ఒక్క గొంతుగా చెప్పేవాళ్లు. నిద్రపోతున్నవాళ్లు కూడా తప్పేవాళ్లు కాదు.

గోడ చూడడానికి వెళ్లిన రోజు నేను మామూలుగా అడిగాను. "ఇంజనీరుకు చూపించినారా అన్నా?"

"ఇంజనీరెందుకక్కా? మా నాయన దగ్గరుండి కట్టించిన ఇల్లు. ఎన్ని తుఫాన్లొచ్చినా పెచ్చు రాలలా."

"తుఫాను బయట్నుంచి గదన్నా కొట్టేది. మేం లోపల్నుంచి కొడతాం."

పక్కనే కూర్చున్న పాస్టరయ్య నవ్వారు. "బైబిల్లో యెరికో ఊరి గోడలు కూల్చేదానికి ఏ ఇంజనీరు సంతకం పెట్టినాడమ్మా?"

లోపలి గదిలోంచి ఇంటావిడ గొంతు వచ్చింది. "ఆ గోడలు కూల్చినోళ్లు ఆ ఊళ్లో కాపురం ఉండేవోళ్లు గాదు అయ్యగారూ. మేం ఈడ్నే ఉండాల."

తర్వాత ఆమె నన్ను పెరట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. "ఎట్టన్నా చేసి ఇంజనీరును పిలిపించక్కా. ఇంజనీర్లు చదివేదే వద్దు అనేదానికి గదా" అంది. ఇంటాయన భయమూ అదే. ఇంజనీరు వస్తే వద్దంటాడు, కాబట్టి పిలవకూడదు. మొగుడూ పెళ్లామూ ఇంకా రాని ఇంజనీరు నోట్లో ఒకే మాట పెట్టి, దాని మీద పోట్లాడుకుంటున్నారు. గోడ ఏం మోస్తోందో తెలుసుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

నేను చూసింది వేరు. ఆ గోడకు సరిగ్గా పైన మిద్దె మీద ఒక గది ఉంది. అందులో ఇంటాయన తల్లి ఉంటుంది. పని రోజున పైన ఎవరూ ఉండకూడదని చెప్పాను. "అమ్మ దిగతాదిలే" అన్నాడాయన.

పని రోజు పొద్దున్నే మా ముఠా అంతా దిగాం. సామాన్లు బయట పెట్టారు. ఇరుగుపొరుగు వచ్చి వాకిట్లో చేరారు. మా ఊళ్లల్లో పెళ్లికి పిలవకపోతే రారు గానీ గోడ పడుతుందంటే పిలవకుండానే వస్తారు. అందరూ ఉన్నారు, పెద్దావిడ మాత్రం దిగలేదు. కింద నుంచి కొడుకు రెండు కేకలు వేశాడు. పైనుంచి ఆమె మెట్ల మీదకు కూడా రాకుండా, గదిలోంచే జవాబిచ్చింది.

"నా మొగుడు కట్టిన ఇల్లు రా. నాకేం బయం? నేనీడ్నే ఉంటా, మీరు కొట్టుకోండి."

"చూసినావా అక్కా, మా అమ్మ నమ్మకం" అన్నాడు ఇంటాయన.

నేను గడ్డపార తీసి ఆయన చేతికిచ్చాను. "అయితే కొట్టన్నా."

ఆయన గడ్డపారను తీసుకుని గోడ వైపు చూశాడు. తర్వాత శ్లాబు వైపు చూశాడు. ఆ శ్లాబు పైన ఒక మంచం, మంచం మీద తల్లి. "పొద్దున్నించి ఈ భుజం పట్టేసిందక్కా" అన్నాడు. అంతకు కాసేపటి ముందే మా కళ్లెదుట రొయ్యల మేత మూటలు లారీలోంచి దింపించి, మనుషులు చాలని చోట తనే ఎత్తాడు. గడ్డపారను పాస్టరయ్య వైపు చాపాడు.

పాస్టరయ్య దాన్ని ముట్టుకోలేదు. "నేను ప్రార్థన చేస్తా. ప్రార్థనే మొదటి దెబ్బ అనుకోండి."

"ప్రార్థనకు పెచ్చు ఊడితే మాకేం అభ్యంతరం లేదయ్యగారూ" అన్నాను.

ఆయన ప్రార్థన మొదలుపెట్టారు. మంచి ప్రార్థన, అందులో మా ముఠాను కూడా ఒక్కొక్కరినీ తలచుకున్నారు. కళ్లు మూసుకుని చేస్తూనే గడప దాటారు, వాకిట్లో మూటల మధ్య నుంచి ఎక్కడా తట్టుకోకుండా నడిచి, గేటు దగ్గరికి చేరాక ఆమెన్ అన్నారు.

"ఇది నాలుగంగుళాల గోడ, తంతే పడతాది" అని పొద్దున్నుంచి చెబుతున్న ఎదురింటాయన ఒకడున్నాడు. గడ్డపార ఆయన దాకా వచ్చింది. ఆయనకు కావలి బస్సు గుర్తొచ్చింది. మా సమ్మెట కొట్టే ముసలాయన నవ్వు ఆపుకోలేక తలగుడ్డ నోట్లో పెట్టుకున్నాడు. చివరికి ఇంటావిడ వచ్చి చెయ్యి చాపింది. "ఇటియ్యండి నేను కొడతా. ముందు ఇంజనీరును పిలవండి, కాయితం రాసియ్యనీండి, ఆ తర్వాత కొడతా."

"నువ్వు ఊరుకో" అన్నాడు మొగుడు.

"ఊరుకుంటే మీ భుజం నెప్పి తగ్గతాదా?"

అప్పుడు గేటు దగ్గర నుంచి పాస్టరయ్యకు ఒక ఆలోచన వచ్చింది. "మీ కట్టుబాటు ఏంది? యజమాని కొట్టాల. ఇల్లు ఎవరి పేరున ఉండాది?"

ఇల్లు పెద్దావిడ పేరున ఉంది. ఆ మాటతో వాకిలంతా ఊపిరి తీసుకుంది. ఇంటాయన భుజం అప్పటికప్పుడే నయమై, గడ్డపారను చక్కగా ఎత్తి నా చేతికిచ్చాడు. మా కట్టుబాటు నా మీదకే తిరిగింది. శ్లాబు కింద నిలబడి కొట్టాలన్న మాట ఎవరికీ గుర్తు లేదు. నాకు గుర్తుంది. అయినా ఆమెను ఒకసారి చూద్దామనిపించింది. గడ్డపార భుజాన వేసుకుని, ఒక ముసలావిడకు పని అప్పజెప్పడానికి మిద్దె ఎక్కాను.

ఆ మెట్లు ఎక్కుతుంటేనే నాకు ఆయాసం వచ్చింది. నిచ్చెనలాగా నిటారుగా, మనిషి భుజాలకు సరిపడా వెడల్పుతో ఉన్నాయి. మధ్యలో ఒక మలుపు. ఒక మెట్టు జానెడు, ఇంకో మెట్టు మూరెడు. పక్కన నడుమెత్తు పిట్టగోడ.

పెద్దావిడ మంచం మీద మహారాణిలాగా కూర్చుని ఉంది. కిటికీలోంచి సముద్రం గాలి కొడుతోంది. నా భుజం మీది గడ్డపార చూసి ఆమె ఆశ్చర్యపడలేదు. "ఏమే, నన్నే కొట్టమన్నారా?" అంది. కింద మాటలన్నీ విన్నట్టుంది.

"నువ్వు కిందికొస్తేనే పెద్దమ్మా. పైనుండి కొడితే లెక్కలోకి రాదు."

నేను గది చూశాను. మంచం కోడు నుంచి కిటికీ ఊచల దాకా ఒక తాడు కట్టి ఉంది. కిటికీ నుంచి తలుపు దాకా ఇంకో తాడు. మూలన ఒక కుర్చీ మీద పాత చీర కప్పి ఉంది, దాని కింద బకెట్టు. మెట్ల వైపు ఒక బుట్ట, దానికి పొడుగాటి తాడు. కోడలు కింద క్యారియరు పెడితే ఆ బుట్టతో ఈమె పైకి లాక్కుంటుందని, అదొక సరదా అని కింద చెప్పుకుని నవ్వుకోవడం నేను విన్నాను. చీర అంచు కింద ఆమె మోకాళ్లు చూశాను. గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి.

"దిగలేవా?" అన్నాను.

"ఎవరితో చెప్పబాక" అంది. "పాచిపనికొచ్చే ఆమెకు తెలుసు, ఇప్పుడు నీకు తెలిసింది. చాలు. దిగలేనని తెలిస్తే నన్ను ఎత్తుకుని పోయి కింద సామాన్ల గదిలో మంచమేస్తారు. రొయ్యల మేత మూటల పక్కన. ఆ కంపులో పోమంటావా నన్ను? ఈడ గాలుండాది."

"మరి వాళ్లు గోడ కొడితే? పెద్దాయన కట్టిన ఇల్లని అంత నమ్మకమా నీకు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "ఆ మెట్లు ఆయనే గదమ్మా కట్టించింది. ఎక్కి వస్తివిగా. నమ్మకం కిందోళ్లకి. నాకెట్ట ఉంటాది?"

ఆ తర్వాత చెయ్యి చాపి గడ్డపార అడిగింది. ఇచ్చాను. దాన్ని మంచం కిందికి దొర్లించి, పైన దుప్పటి అంచు లాగింది. "ఇంజనీరు వచ్చి చూసినాక ఇస్తానని చెప్పు. యజమానిని గదా."

కింద ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. ఇంటాయన పైకి పోయి అడిగి, ఉత్త చేతులతో దిగాడు. పాస్టరయ్య గేటు దగ్గరే ఉండి అడిగారు. మా దగ్గర ఇంకో గడ్డపార ఉంది గానీ, యజమాని జప్తు చేశాక రెండోది తీయడం మా పద్ధతి కాదని చెప్పాను. అలాంటి పద్ధతి మాకు అప్పటిదాకా లేదు. ఆ వాకిట్లోనే పెట్టుకున్నాం.

ఇంజనీరు దొరకడానికి ఎక్కువ తిరగలేదు. తడ దగ్గర ఫ్యాక్టరీ షెడ్లు కట్టించే ఇంజనీరొకాయన ఆ వీధికి అల్లుడు. అత్తగారింటికి వచ్చి ఉన్నాడు. ఆయన్ను పిలుచుకొచ్చారు. అల్లుడు కావడం వల్ల గోడ దాకా చేరే లోపల రెండిళ్లలో చేపల పులుసు తినవలసి వచ్చింది. చెమటలు కక్కుకుంటూ వచ్చి, గోడ పెచ్చు గీకి చూశాడు, టేపుతో కొలిచాడు, ఇంటి చుట్టూ తిరిగాడు.

"పిల్లర్లు ఎక్కడున్నాయి సార్?"

"పిల్లర్లెందుకు అల్లుడుగారూ, గోడలుండాయి గదా" అన్నాడు ఇంటాయన.

"అవును సార్, గోడలే ఉన్నాయి" అని ఆయన మంచినీళ్లు అడిగాడు.

పెద్దావిడ చెప్పవద్దంది కాబట్టి నేను ఎవరికీ చెప్పలేను. చెప్పకుండా ఉంటే ఈ జనం రేపైనా ఎల్లుండైనా ఆమె కింద గోడ కొడతారు. అందుకని ఇంజనీరుతో, "పైన సామాను బరువు కూడా చూడాల గద సార్?" అన్నాను. ఆయన చూడాలన్నాడు, పైకి వెళ్లాడు, చాలాసేపు ఉన్నాడు. దిగి వచ్చేటప్పుడు మాట తగ్గింది.

"గోడ తీయొచ్చు" అన్నాడు. "కానీ ఇది పై గదిని మోస్తోంది. ముందు జాకీలు నిలబెట్టి, ఇనుప బీము ఎక్కించి, ఆ తర్వాతే తీయాలి. లెక్క వేసి ఇస్తాను. ఈరోజు ఊరికే కొట్టి ఉంటే పై గది ఈ హాల్లోకి వచ్చేది."

ఆ మాటలు రెండు ముక్కలై చెరో వైపు వెళ్లాయి. ఇంటాయనకు 'తీయొచ్చు' ఒకటే వినపడింది. "ఇంజనీరంటే ఈయన. నేను మొదట్నుంచి అంటుండాను, పిలవండి పిలవండని" అన్నాడు. పాస్టరయ్య గేటు దగ్గర నుంచి హాల్లోకి వచ్చి అల్లుడికి చెయ్యి ఇచ్చారు. పొద్దున్నుంచి ఇంజనీరు కావాలన్న ఇంటావిడ మాత్రం మొహం మాడ్చుకుంది. "షెడ్లు కట్టుకునే ఆయనకు ఇళ్ల సంగతేం తెలుసక్కా? నమ్మేదెట్ట?"

వాళ్లు అలా పార్టీలు మార్చుకుంటూ ఉండగా ఇంజనీరు ఇంకో ప్రశ్న అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.

"జాకీలు పెట్టినన్ని రోజులు పైన మనిషి ఉండకూడదు. అమ్మగారు కిందికి దిగి ఎన్నాళ్లైంది?"

"మొన్న క్రిస్మస్‌కి దిగింది గదా" అన్నాడు ఇంటాయన.

"క్రిస్మస్‌కి కేకు బుట్టలో పంపినాం" అంది భార్య.

"ఈస్టరుకి?" అన్నాడు ఇంటాయన.

"పాట పైనుంచే పాడింది."

"మా తమ్ముడి పెళ్లికి వచ్చింది" అంది ఆవిడే, తర్వాత తనే తల ఊపింది. "లేదు. దీవెన ఫోన్లో ఇచ్చింది."

ఇంటాయన బుట్ట తాడు వైపు చూశాడు. అది రోజూ ఆయన కళ్ల ముందే పైకీ కిందికీ తిరిగేది. పొద్దున తన చేతిలో ఉన్న గడ్డపార గుర్తొచ్చిందేమో, ఆయన మెల్లగా గోడకు ఆనుకున్నాడు. మళ్లీ ఏదో తోచినట్టు గోడను వదిలేసి దూరంగా నిలబడ్డాడు.

ఆయన మెట్లెక్కి వెళ్లాడు. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి పైనుంచి నన్ను పిలిచారు. బరువులు మోసే మా ఆడవాళ్లనూ ఇంజనీరునూ వెంటబెట్టుకుని వెళ్లాను. "మూటలాగా ఎత్తబాకండి" అంది పెద్దావిడ. "ఆయన కుర్చీలో దింపండి." పెద్దాయన కుర్చీ అంటే టేకుది, చేతులు బారలు చాచినట్టుండేది. ఆమె అందులో కూర్చుని, గడ్డపారను రాజదండంలాగా నిలబెట్టి పట్టుకుంది. ఇద్దరం కింద, ఇద్దరు పైన పట్టాం. తట్టలు మోసిన చేతులకు ఆమె బరువు ఒక లెక్క కాదు.

మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుపోయింది. కిందికి రాదు, పైకి పోదు. కింద మేమిద్దరం, పైన మా వాళ్లూ కొడుకూ ఇంజనీరూ, మధ్యలో గాల్లో పెద్దావిడ. పాస్టరయ్య కింద నిలబడి మళ్లీ ప్రార్థన మొదలుపెట్టారు. ఈసారి కదలకుండా నిలబడి చేశారు. అది మాత్రం నేను గమనించాను.

"నేను చెప్పలా, ఆయన మెట్ల సంగతి" అంది పెద్దావిడ నాతో. తర్వాత తల తిప్పకుండానే, "నాయనా ఇంజనీరూ, ఈ పిట్టగోడ కొట్టొచ్చా?"

"కొట్టొచ్చమ్మా. అది ఏమీ మోయడం లేదు."

ఆమె గడ్డపారను తల మీదుగా వెనక్కి అందించింది. కొడుకు తీసుకున్నాడు. భుజం మాట ఎత్తలేదు. తల్లి పక్కనే ఒంగి, ఆమె తలకు తన ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, ఒంటి చేత్తో కొట్టాడు. పెచ్చు కాదు, ఇటుకే లేచింది. ఇంకొన్ని దెబ్బలకు పిట్టగోడ వాకిట్లోకి కూలింది. చూడడానికి వచ్చిన జనానికి చివరికి ఒక గోడ పడింది.

కుర్చీని హాల్లోకి తెచ్చి దింపాం. దుమ్ము దులుపుకుని పెద్దావిడ ఇల్లంతా కలియజూసింది. అది తన ఇల్లు కాదన్నట్టు చూసింది. లోపలి గది ఆడవాళ్లు గుమ్మంలో మూగారు. కోడలు సామాన్ల గది తలుపు తీయబోయి, అత్త మొహం చూసి, మళ్లీ మూసింది. మేత వాసన కొంచెం బయటికి వచ్చింది.

పెద్దావిడ అడ్డగోడ దగ్గర చూపు ఆపింది. "ఇదేందిరా, ఈడ ఇంత అడ్డంగా? అటు కిటికీ గాలి ఇటు రానే రాదు గదా. తీసేయండి దీన్ని."

కోడలు ఇంజనీరు మొహం చూసింది.

"తీసినాక నా మంచం ఈడ వేయండి" అని గుమ్మం ముందున్న చోటు వేలితో చూపించింది. "రెండు గదుల గాలీ తగలతాది."

అది పాస్టరయ్య నిలబడే చోటు. ఆయన ఒక అడుగు పక్కకు జరిగారు. ఇంజనీరు జేబులోంచి టేపు తీసి, ముందు మంచం కొలతలు అడిగాడు.